రెండు టన్నులు

హెగిన్స్ లోయ, పెన్సిల్వేనియా
ఏప్రిల్ 24

అక్కా,

వారం నుంచి వాన. నిన్న మధ్యాహ్నం తెరిపిచ్చింది గాని నేల ఇంకా ట్రాక్టరు చక్రానికి అంటుకుంటోంది. విత్తనపు బంగాళాదుంపలు ముక్కలు కోసి కొట్టంలో ఆరబోశాను. ఫెర్న్ కోకర్ వచ్చి ఒక పూట కోసిపెట్టింది. ఎండ కాస్తే పై చేను మొదలుపెడతాను.

ఈ ఏటికి పొయ్యి ఆర్పేశాను. చివరి బూడిద కంచె పక్కన పోసి వచ్చాను. ఫిబ్రవరిలో నేలమాళిగ మెట్ల మీద పడ్డానని రాశాను గదా, ఆ భుజం ఇంకా పైకి లేవడం లేదు. ఎడమచేతి వాటంవాణ్ణి గదా, బొగ్గు బకెట్టు ఎత్తడానికి నాకు ఉన్నది ఆ చెయ్యే. కుడిచేత్తో ఎత్తితే సగం మెట్ల మీదే పోతుంది.

అందుకని ఒక సంగతి ఆలోచిస్తున్నాను. బొగ్గు లేకుండా కరెంటుతో ఇల్లు వెచ్చబెట్టే యంత్రం. బయట ఒక పెట్టె, లోపల ఒక పెట్టె. ఎండాకాలంలో అదే చల్లబరుస్తుందట. హోక్ అనే అతను ఆ పని చేస్తాడు, వచ్చి ఇల్లంతా చూసి పోయాడు. ఇంకా ఏదీ ఖాయం కాలేదు.

నీ గదిలో, పొగగొట్టం పక్క అరలో, నీ పెట్టె ఉంది గదా. దాన్ని కిందికి దించితే నీకేమైనా అభ్యంతరమా? ఊరికే అడుగుతున్నాను.

మాలన్


ఈరీ
మే 6

తమ్ముడు మాలన్‌కు,

ఇక్కడ సరస్సు మీంచి ఇంకా చలిగాలే. ఆసుపత్రి లాండ్రీలో మాత్రం ఎప్పుడూ ఆగస్టు నెలే. దుప్పట్లు మడతపెట్టే యంత్రం రెండు రోజులు మొరాయించింది, చేత్తోనే మడిచాం. అక్టోబరు ఆఖరుతో నా పని అయిపోతుంది. ఈ గది కూడా అప్పటికి ఖాళీ చేస్తానని ఇంటావిడకు చెప్పేశాను. నవంబరులో ఇంటికి వస్తాను. ఇది నీకు ముందే తెలుసు. మళ్ళీ ఎందుకు రాస్తున్నానంటే, తెలిసినవాడిలా నువ్వు ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు.

ఊరికే అడుగుతున్నానన్నావు. మన ఇంట్లో ఊరికే అడిగినవాళ్ళు ఎవరూ లేరు. ఇంత ఇల్లు ఉండగా నా అరే ఎందుకు కావలసి వచ్చింది? నేలమాళిగ లేదా? వెనక గదులు లేవా?

నాన్న వీలునామాలో రాయించినది నీకు గుర్తుండే ఉంటుంది. పెళ్ళి కాని కూతురికి మేడ మీది తూర్పు గది, బావి నీళ్ళు, వంటింటి పొయ్యి పక్కన కుర్చీకి చోటు, చలికాలమంతా వెచ్చదనం. ఇల్లు ఎవరిదైతే నిప్పు వాళ్ళది. ఏ చలికాలమైనా ఆ ఇంట నిప్పు లేకుండా పోతే ఇల్లు అమ్మి పంచుకోవాలి. మన లోయలో ప్రతి ఇంటి కాగితంలోనూ ఇలాంటి మాటలు ఉండేవి. మిగతావాళ్ళు మరిచిపోయారు. నేను మరిచిపోలేదు.

తూర్పు గది అంటే అరతో సహా.

భుజానికి ఏం పూస్తున్నావు? ఈ ఫెర్న్ కోకర్ ఎవరు? గ్రాట్జ్ సంతలో గుడ్లు అమ్మిన ఫెర్నా, లేక ఆవిడ కోడలా?

అర్లెట్టా


హెగిన్స్ లోయ
జూన్ 15

అక్కా,

దుంపలు మొలిచాయి. పై చేలో బాగున్నాయి, వాగు పక్కన కుళ్ళు పట్టింది. ఎండుగడ్డి మొదటి కోత అయింది.

నీ అరే ఎందుకని అడిగావు గనక వివరంగా రాస్తాను. హోక్ మళ్ళీ వచ్చాడు. చేతిలో ఎర్ర దీపం లాంటిది పట్టుకుని, గోడ మీదికి చూపించి గదులన్నీ కొలిచాడు.

"పెద్దాయనా, ఇది ఇల్లా, కోటా? ఈ రాతిగోడలేంటి?" అన్నాడు.

"మా తాత కట్టాడు. దొంగలకు భయపడి కాదు, జనవరికి భయపడి," అన్నాను.

మూడు దారులు చెప్పాడు. మొదటిది నేలమాళిగలో పెద్ద పెట్టె. మార్చిలో అక్కడ రెండో మెట్టు దాకా నీళ్ళొస్తాయని చెప్పాను. "అయితే మీ పెట్టెకు ఈత నేర్పాలి," అని దాన్ని కొట్టేశాడు. రెండోది గదికొకటి, గోడకు వేలాడే తెల్ల పెట్టెలు. ఆసుపత్రిలా ఉంటుందని నేను వద్దన్నాను. పైగా ప్రతి గదికీ ఈ రాయి తొలవాలి. మూడోది, ఇల్లంతటికీ కలిపి ఒకే పొట్టి పెట్టె. ఎయిర్ హ్యాండ్లర్ అంటారు. నడుము దాటి కొంచెం ఎత్తు ఉంటుంది. నిలబెట్టొచ్చు, పడుకోబెట్టొచ్చు. దానిలోంచి రేకు గొట్టాలు గదులకు పోతాయి.

"అటక మీద పడుకోబెడదామా?" అని అడిగాను.

"పెడతాను. జనవరిలో అది ముందు అటకను వెచ్చబెట్టి, మిగిలితే మీకు పంపుతుంది. ఇంకోటి, లోపల దుమ్ము పట్టే జల్లెడ ఉంటుంది. నెలకోసారి నిచ్చెనెక్కి అది మార్చేదెవరు? మీరా?"

చివరికి పొగగొట్టం పక్క అర చూశాడు. ఆ పెట్టె అందులో సరిగ్గా నిలబడుతుంది. పొగగొట్టం వెంట ఉన్న సందులోంచి గొట్టాలు వంటింట్లోకి దిగుతాయి, గోడలు పగలగొట్టే పని లేదు. సంగతి ఇంతే.

అందులో మళ్ళీ రెండు రకాలు చూపించాడు. ఒకటి చవకది, నడిచిందంటే నూర్పిడి యంత్రమే. రెండోదాని ఫ్యాను అవసరాన్ని బట్టి నెమ్మదిగా తిరుగుతుంది, చప్పుడుండదు. రెండోదే బాగుందన్నాను.

"మీకు నేను అరిస్తేనే వినపడ్డం లేదు. చప్పుడు లేనిది మీకెందుకండీ?" అని నవ్వాడు.

ఇంకా ఖాయం చేయలేదు. నీ పెట్టెను కింద ముందుగదిలో పొడిగా ఉన్నచోట పెట్టాను. తాళం తీయలేదు.

మాలన్


ఈరీ
జులై 22

మాలన్,

అభ్యంతరం ఉందా అని అడిగి, నా మాట వినకుండానే పెట్టె దించడం నీకే చెల్లింది.

నీ ఉత్తరం మా లాండ్రీలో దుప్పటి తిప్పినట్టు రెండువైపులా తిప్పి చదివాను. ఒకచోట ఆగిపోయాను. చప్పుడు లేనిది ఎందుకని ఆ హోక్ అడిగాడు. నువ్వేం చెప్పావో రాయలేదు. నేనూ అదే అడుగుతున్నాను. నీకు తుపాకీ పేలినా వినపడదు, అందుకే గదా మనం ఫోను మానేసి కాగితాలు ఖర్చు చేస్తున్నాం. ఆ అర పక్కన పడుకోబోయే మనిషి ఎవరు? ఎవరి నిద్ర గురించి నీకీ శ్రద్ధ?

ఇంకొకటి. నిన్న వెర్నా ఫోను చేసింది. ఎదురింటి మనిషి నోట్లో నువ్వుగింజ నానదని నీకు కోపం. నాకు మాత్రం ఆ ఇంటి కబుర్లు చెప్పేది అదొక్కతే. ఏమందో అలాగే రాస్తున్నాను.

"ఏమే అర్లెట్టా, మీవాడు ఎవరితోనో పెరట్లో నిలబడి మాట్లాడుతుంటే విన్నాను. మీవాడికి చెవుడు గదా, ఊరందరికీ వినపడేట్టు మాట్లాడతాడు. రెండు టన్నులు చాలు, ఎక్కువెందుకు, వాడుకునేవాళ్ళు ఎవరున్నారు అంటున్నాడు. నేను చిక్కుళ్ళు కోసుకుంటున్నాలే, నా చెవులు నేనేం మూసుకోను?"

రెండు టన్నులే చెప్పావా? అవునో కాదో రాయి చాలు.

ఫెర్న్ గురించి అడిగాను. దుంపల కుళ్ళు గురించి రాశావు.

అర్లెట్టా


హెగిన్స్ లోయ
ఆగస్టు 9

అక్కా,

ఎండ మండిపోతోంది. వాగు పక్క దుంపలు పోయినట్టే.

అవును, రెండు టన్నులే చెప్పాను. హోక్ మూడున్నర అన్నాడు. నేనే తగ్గించాను. అటకలో చలి ఆపే పొట్టు నింపించి, వెనక గదులు రెండూ తలుపులేసి మూసేస్తే రెండు సరిపోతాయని అతనూ ఒప్పుకున్నాడు. మనుషులు లేని గదులకు పెట్టడం దండగ. మరీ చలి ఎక్కువైన రోజులకు వంటింటి పొయ్యి ఎలాగూ ఉంది.

వెర్నా చిక్కుళ్ళు కోసుకోమను.

నీ గది నీదే. నేను కాదనలేదు.

మాలన్


ఈరీ
ఆగస్టు 20

మాలన్,

నోటితోనే ఒప్పుకున్నావు గనక ఇక దాచుకోను.

ఆ ఇల్లు ఏటా ఐదు టన్నుల బొగ్గు తింటుంది. మంచు తక్కువ పడ్డ ఏడు కూడా నాన్న ఐదుకు తగ్గలేదు. బొగ్గు లారీ వచ్చినప్పుడు నేలమాళిగ కిటికీ దగ్గర నిలబడి లెక్క చెప్పేదాన్ని నేనే. రెండు టన్నులు క్రిస్మస్ దాకా వస్తాయి. కక్కుర్తి పడి కాల్చినా కొత్త సంవత్సరం చూడవు. అంటే క్రిస్మస్ తరువాత ఆ ఇంట్లో నిప్పు ఉండదు. నిప్పు లేని ఇల్లు ఏమవుతుందో నాన్న రాయించాడు.

ఒక్కొక్కటే పేర్చి చూశాను. ముందు నా పెట్టె దిగింది. తరువాత అర పోయింది. వెనక గదులు మూసేశావు. "వాడుకునేవాళ్ళు ఎవరున్నారు" అన్నావు. నేను మనిషిని కానా? నవంబరులో వస్తున్నానని రాశాను గదా. ఆ యంత్రం కూడా కొనేవాళ్ళ కంటికి ఇల్లు బాగా కనపడాలనే పెట్టిస్తున్నావు. చప్పుడు లేనిది ఎందుకో ఇప్పుడు అర్థమైంది. చెవులున్నవాళ్ళు చూడటానికి వస్తారు.

నువ్వు వకీలు ఆఫీసులోంచి బయటికి వస్తుంటే వెర్నా మనవరాలు చూసింది. పక్కన ఒక ఆవిడ ఉందట, కారులోనే కూర్చుందట. అది నీకు చెప్పకూడదనుకున్నాను. చెప్పేశాను.

నేను గది వదిలేస్తున్నాను. పని వదిలేస్తున్నాను. నా కుర్చీ ఎక్కడ వేసుకోవాలో నువ్వే రాయి.

అర్లెట్టా


హెగిన్స్ లోయ
సెప్టెంబరు 2

అక్కా,

నీ ఉత్తరం చేనిగట్టు మీద కూర్చుని చదివాను. చదివి ఎంత గట్టిగా నవ్వానంటే, వెర్నా కిటికీ తెరిచి చూసింది.

అది బొగ్గు కాదే తల్లీ. యంత్రం బలం. పూర్వం మంచుగడ్డలతో చల్లబరిచే కాలం లెక్కట అది. ఒక టన్ను మంచు ఒక పగలూ రాత్రీ కరిగితే ఎంత చలవ ఇస్తుందో, అంత పని చేసే యంత్రాన్ని ఒక టన్ను అంటారు. బరువుతో సంబంధం లేదు. మా పెట్టె ఈడొచ్చిన దూడంత కూడా తూగదు.

నిన్ను ఎగతాళి చేస్తున్నాననుకోకు. నేనూ అక్కడే పడ్డాను. హోక్ మొదట మూడున్నర టన్నులు అనగానే మేడ నేల వైపు చూశాను. "నాయనా, ఆ దూలాలు మా తాతనాటివి. మూడున్నర టన్నులు అర్లెట్టా గదిలో పెడితే పొద్దున్నకి నా గిన్నెలో ఉంటుంది," అన్నాను. అతను నిచ్చెన పట్టుకుని నవ్వాడు. బొగ్గు లోయలో పని చేస్తే ప్రతి ఇంట్లోనూ ఇదే పాట అని చెప్పాడు. గోర్డన్ ఊళ్ళో ఒక ముసలాయన, ఆ రెండు టన్నులూ లారీలోంచి ఎక్కడ దించుతారు, నా పూలమొక్కల మీద కాదు గదా అన్నాడట.

పెట్టె వచ్చింది, నిలబెట్టేశారు. అర తలుపు అలాగే ఉంచమన్నాను. కింద గాలి పోవడానికి చిన్న జాలీ మాత్రం పెట్టారు. చలికి ముందే ఒకసారి నడిపి చూస్తాడట.

దుంపలు తవ్వడం మొదలైంది. ఈసారి నీకు చిన్నవి పంపుతాను, వెన్నలో వేయించుకోవడానికి.

మాలన్


ఈరీ
సెప్టెంబరు 19

మాలన్,

దుంపలు అందాయి. బాగున్నాయి.

నేనూ నవ్వాను. ఇంటావిడకు చెబితే ఆవిడా నవ్వింది. లాండ్రీలో చెబితే, అర్లెట్టా తన తమ్ముడి మీద రెండు టన్నుల కేసు పెట్టింది అని పాట కట్టారు. రెండు రోజులు నవ్వుతూనే గడిచింది.

తరువాత నీ ఉత్తరం మళ్ళీ తీశాను. టన్నులకు జవాబు ఉంది. వకీలుకు లేదు. కారులో ఆవిడకు లేదు. క్రిస్మస్ తరువాతి నిప్పుకు లేదు. "వాడుకునేవాళ్ళు ఎవరున్నారు" అన్నది బొగ్గు గురించైనా యంత్రం గురించైనా అదే మాట గదా. నవ్వు మంచి మూత, తమ్ముడూ. నాన్న కూడా అప్పులవాళ్ళు వచ్చినప్పుడు మంచి మంచి కథలు చెప్పేవాడు.

ఈసారి ఒక్కటే అడుగుతాను. చలికాలం నువ్వు ఆ ఇంట్లో ఉంటావా?

అర్లెట్టా


హెగిన్స్ లోయ
అక్టోబరు 11

అక్కా,

ఉండను.

ఫెర్న్ గుడ్లు అమ్మిన ఫెర్నే. మిల్లర్స్‌బర్గ్‌లో, నది ఒడ్డున ఇల్లుంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. నవంబరు మొదటి వారంలో అక్కడి చర్చిలో పెళ్ళి. ఎవరినీ పిలవడం లేదు. ఆవిడ ఇంట్లో మెట్లు లేవు, బొగ్గు లేదు. చేను కౌలుకు ఇచ్చాను.

వకీలు దగ్గరికి వెళ్ళిన మాట నిజం. నాన్న మాటకు అర్థం అడగడానికి వెళ్ళాను. మనిషి లేకుండా యంత్రం ఇల్లు వెచ్చగా ఉంచితే అది నిప్పు ఉన్నట్టా, లేనట్టా అని. ఆయన కాగితం రెండుసార్లు చదివి, "వెచ్చదనమే గదా కావలసింది, కరెంటు మీ పేరు మీద ఉంటే నిప్పు మీదే," అన్నాడు. అందుకని కరెంటు నా పేరు మీదే ఉంచాను. ఇల్లు అమ్మను. అమ్మే పని రాకుండా ఉండడానికే ఇదంతా.

నీ అరే ఎందుకంటే, పెట్టె అక్కడుంటే మొదటి గొట్టం నీ గదిలోనే తెరుచుకుంటుంది. గాలి ముందు నీకొచ్చి తరువాత కిందికి పోతుంది. చప్పుడు లేనిది ఎందుకో నువ్వే తప్పుగా చెప్పావు. లోకంలో నాకు తెలిసి చీమ చిటుక్కుమన్నా మేలుకునే మనిషివి నువ్వొక్కదానివే.

ముందే ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు రావడం మానేస్తావేమో అనిపించింది. లేదా వచ్చి, నన్ను కదలనివ్వవేమో అనిపించింది. రెండింటిలో ఏది జరుగుతుందో తేలక ఊరుకున్నాను. దుంపల గురించి రాశాను.

మొన్న మొదటిసారి మంచు పేరితే హోక్ వచ్చి నడిపాడు. గాలి బొగ్గు సెగలా ఉండదు, ఆవు ఊపిరిలా ఉంటుంది. వెచ్చగా లేదనిపిస్తుంది గాని గది చల్లబడదు. గోడ మీది వేడి మీట ముట్టుకోకు, పెంచీ తగ్గించీ చేస్తే కరెంటు తాగుతుంది. జల్లెడ నెలకోసారి మార్చు, నిచ్చెన అక్కరలేదు. బాగా చలి రోజున బయటి పెట్టెలోంచి పొగలా వస్తుంది. అది పొగ కాదు, పెట్టె తన మీద పేరిన మంచును కరిగించుకుంటుంది. వెర్నాకు ముందే చెప్పు, లేకపోతే ఫైరింజను పిలుస్తుంది.

తాళంచెవి వెర్నా దగ్గర ఉంటుంది.

మాలన్


హెగిన్స్ లోయ
నవంబరు 8

మాలన్,

బస్సు ఆలస్యమైంది. దిగేసరికి సన్నగా మంచు పడుతోంది. వెర్నా గుమ్మంలోనే ఉంది.

"వచ్చావా! నిన్ననే మీవాడు సామాను కట్టుకుపోయాడు. ఆవిడ కారులోంచి దిగలేదు, నేనూ పిలవలేదు. ఆ బయటి పెట్టె మాత్రం నిన్నటి నుంచి ఒంటరిగా మూలుగుతోంది. నాకు భయమేసి లోపలికి పోలేదమ్మా. మనిషి లేని ఇంట్లో వేడి ఏంటే, దయ్యాల కొంపలా?"

లోపలికి వెళ్ళాను. గది వెచ్చగానే ఉంది, నువ్వు రాసినట్టే. నా పెట్టె మంచం కాళ్ళ దగ్గర ఉంది, తాళం తీసిన జాడ లేదు. అర తలుపుకు చెవి ఆనించి విన్నాను. ఏమీ వినపడలేదు. చెవిటివాడు కొన్న పెట్టె చెవులున్నవాళ్ళకూ వినపడదు.

వంటింటి వేడి పైకి రావడానికి నా గది నేలలో ఉన్న పాత ఇనపజాలీ లోంచి కిందికి చూశాను. చిన్నప్పుడు అందులోంచే గదా నువ్వు వంటింట్లో మాటలన్నీ వినేవాడివి, వినపడే రోజుల్లో. పొయ్యి పక్కన నా కుర్చీ ఉంది. నీది లేదు. తీసుకుపోయావు.

నీకు మంచి జరగాలనే కోరుకుంటున్నాను. ఆ ముక్క ముందే రాసేస్తే తరువాత రాయబోయేది తేలికవుతుంది. నువ్వు ఇల్లు అమ్మలేదు, నా గది తీసుకోలేదు, ఒక్క మాటా తప్పలేదు. నీ బదులు ఉండడానికి ఒక పెట్టెను కొన్నావు. బాగా చూసే కొన్నావు.

నేలమాళిగలోకి దిగాను. బొగ్గు ఉంది. కుప్ప చూస్తే తెలిసింది, రెండు టన్నులు. ఇది ఏ మంచుగడ్డల లెక్కో నాకు తెలియదు.

వకీలు ఏమన్నా, నాకు తెలిసి నిప్పు అంటే నిప్పే. సాయంత్రం పొయ్యి వెలిగించాను.

అర్లెట్టా


మిల్లర్స్‌బర్గ్
డిసెంబరు 5

అక్కా,

నది అంచున మంచు కట్టింది. ఇక్కడ నాకు పని లేదు. ఫెర్న్ కోళ్ళగూడు బాగుచేశాను.

జల్లెడ చూడటానికి వచ్చిన హోక్ చెప్పాడు, నువ్వు మీట బాగా తగ్గించి రోజూ పొయ్యి కాలుస్తున్నావట. పెట్టె పాడైందా? గాలి రావడం లేదా? అంత పెట్టి పెట్టించింది వాడకపోతే ఎలా? నీ వయసులో బొగ్గు బకెట్లు ఎందుకు?

ఫెర్న్ ఒక మాట అంది. నేను ఇల్లు వదిలాను, నిప్పు ఇప్పుడు నీ చేతిలో ఉంది, అలాంటప్పుడు ఇల్లు ఎవరిదని నువ్వు వకీలుకు రాస్తావేమో అని. నేను అలా అనుకోవడం లేదు. అయినా రాశావా?

ఆ బొగ్గు కరెంటు పోయిన రోజులకని పోయించాను. వేరే అర్థం లేదు.

మాలన్


హెగిన్స్ లోయ
జనవరి 17

తమ్ముడూ,

నాలుగు రోజులు మంచువాన. కొమ్మలన్నీ గాజు పూసినట్టయ్యాయి. వెర్నా వాళ్ళ పెరటి చెట్టు విరిగి తీగల మీద పడింది. కరెంటు మంగళవారం పోయి గురువారం వచ్చింది. ఆ రెండు రోజులూ వెర్నా, మనవరాలు మన వంటింట్లోనే పడుకున్నారు. గోడ దగ్గర సంచిలో మిగిలిన దుంపలు ఉడికించాను. వెర్నా నీ కుర్చీ ఉండే చోట చాప వేసుకుంది.

పెట్టె పాడవలేదు. తెల్లవారుజామున దాన్నే నడుపుతున్నాను. లేచేసరికి గది వెచ్చగా ఉంటుంది. పొద్దెక్కాక పొయ్యి. నువ్వు చెప్పిన ఆవు ఊపిరి మాట నిజమే. ఆవును అమ్మేశాక కూడా దాని ఊపిరి కొట్టంలో ఉన్నట్టు ఉంటుంది.

బయటి పెట్టె పొగలు కక్కింది. వెర్నాకు ముందే చెప్పాను. అయినా నీళ్ళ బకెట్టు పట్టుకుని వచ్చింది.

వకీలుకు నేనేమీ రాయలేదు. రాయను. ఫెర్న్ అడిగిందని రాశావు. ఆవిడ అడిగినా నువ్వు అడిగినా జవాబు ఒకటే. ఇంట్లో నిప్పు ఉంది. ఎవరిదో రాయించడానికి నాన్న లేడు.

ఇంకొక సంగతి. మొన్న ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి పొయ్యిలో బూడిద తీసి ఉంది. రెండు బొగ్గు బకెట్లు పైకి వచ్చి ఉన్నాయి, రెండూ సగం సగమే నింపి. నిప్పు కదిపే చువ్వ ఎడమ మేకుకు వేలాడుతోంది. నేను కుడి మేకుకు పెడతాను. మంచులో చక్రాల గుర్తులు ఒక కారువే, దిగినవాడి అడుగులు ఒక మనిషివే.

వెర్నాను అడిగాను. నువ్వేనట. ప్రార్థన ముగిసే గంట మోగకముందే వెళ్ళిపోయావట.

అర్లెట్టా